కొత్త ఆఫీసులో పని సాగట్లేదు. పక్క అంతస్తు ఇంటీరియర్‌కి మా టీమ్ తరఫున ఏం రాసివ్వాలి?

మణికొండ మాధవి

మూడు నెలల క్రితం మా ఆఫీసు రాయదుర్గం వైపు కొత్త టవర్‌కి మారింది. పాతది మాదాపూర్ సందులో నాలుగంతస్తుల బిల్డింగ్. చూడ్డానికి పెద్ద అందమేమీ కాదు. కానీ కిటికీలు తెరుచుకునేవి, ఒక్కో గదిలో పదిమందిమి కూర్చునేవాళ్లం. ఇప్పుడు పద్నాలుగో అంతస్తులో ఒకే హాలు, 180 మందిమి. ఎవరి సీటు వాళ్లకి లేదు, పొద్దున్నే యాప్‌లో బుక్ చేసుకోవాలి. చుట్టూ ముగ్గురు కాల్స్‌లో ఉంటారు, మధ్యలో నేను కోడ్ రివ్యూ చేయాలి. మధ్యాహ్నం మూడయ్యేసరికి తలనొప్పి. పాత చోట రెండు రోజుల్లో తేలిపోయే పని ఇక్కడ మూడు రోజులు దాటుతోంది.

అసలు విషయం ఇది. పక్క అంతస్తు కూడా మా వాళ్లే తీసుకున్నారు. ఇంటీరియర్ పని వచ్చే నెల మొదలు. మీకేం కావాలో పది రోజుల్లో రాసివ్వమని అడ్మిన్ వాళ్లు అడిగారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇలా అడగడం ఇదే మొదటిసారి. బీన్ బ్యాగులు, టేబుల్ టెన్నిస్ అడిగి ఈ అవకాశం పోగొట్టుకోవాలని లేదు. పని బాగా జరగడానికి నిజంగా ఏం అడగాలి? ఏ ఆధారం చూపించి అడగాలి?

సుబ్బు టెస్టర్

ముందు శబ్దం. మిగతావన్నీ తర్వాత. రోజుకి ఎనిమిది గంటలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని చెవి ఇన్ఫెక్షన్ తెచ్చుకున్నాను. పాటలు వినడానికి కాదు, పక్కవాళ్ల మాటలు వినపడకుండా ఉండడానికి.

గచ్చిబౌలి గోపి

గోడలు కట్టమని మాత్రం అడగకండి. 2009లో ఫ్రెషర్‌గా చేరినప్పుడు మా సీనియర్ పక్కనే కూర్చోబట్టి సగం పని నేర్చుకున్నాను. క్లయింట్ కోపంగా ఉంటే ఆయన ఎలా మాట్లాడతాడో, బిల్డ్ ఫెయిలైతే ముందు ఏ లాగ్ తెరుస్తాడో చూసి నేర్చుకున్నవే. అందరూ గదుల్లోకి వెళ్లిపోతే కొత్తగా వచ్చిన పిల్లలు ఎవర్ని అడుగుతారు? ఇప్పుడు నేను 22 మంది టీమ్‌ని చూస్తున్నాను. నాకు వాళ్లు కనపడాలి, వాళ్లకి నేను కనపడాలి.

సుబ్బు టెస్టర్

గోపి అన్నా, సీనియర్ పక్కన కూర్చోవడం వేరు, 180 మంది మధ్యలో కూర్చోవడం వేరు. మీరు చెప్పేది పదిమంది గదిలోనూ జరుగుతుంది. మాధవి గారి పాత ఆఫీసు అలాంటిదే కదా.

నీడపట్టు

ఆర్కిటెక్ట్‌ని, ఆఫీసు ఇంటీరియర్లు చేస్తుంటాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

గోపి గారు చెప్పిన లాభం నిజమే, కాకపోతే హాలు పెద్దదయ్యేకొద్దీ అది తగ్గిపోతుంది. హార్వర్డ్ పరిశోధకులు బెర్న్‌స్టీన్, టర్బన్ 2018లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. రెండు పెద్ద కంపెనీల ప్రధాన కార్యాలయాల్లో అడ్డుగోడలు తీసేయక ముందు, తీసేశాక ఉద్యోగులకి సెన్సర్ బ్యాడ్జీలు పెట్టి కొలిచారు. ఎదురెదురుగా మాట్లాడుకోవడం దాదాపు 70 శాతం తగ్గింది, ఈమెయిళ్లు, మెసేజ్‌లు పెరిగాయి. అందరూ చూస్తున్నారు, అందరికీ వినపడుతుంది అనుకున్నప్పుడు మనిషి నోరు విప్పడు, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాడు.

ఇక మన టవర్లు ఇలా ఎందుకున్నాయంటే, కట్టేవాడికి అందులో ఎవరు కూర్చుంటారో తెలియదు. లిఫ్టులు, టాయిలెట్లు మధ్యలో పెట్టి, చుట్టూ వీలైనంత విశాలంగా ఖాళీ అంతస్తు వదిలి, బయట అద్దం తొడిగి అద్దెకిస్తాడు. అంతస్తు ఎంత లోతుగా ఉంటే అన్ని ఎక్కువ చదరపు అడుగులు. కిటికీ పై అంచు ఎంత ఎత్తులో ఉందో సుమారు దానికి రెండింతల దూరం దాకానే పనికొచ్చే వెలుతురు లోపలికొస్తుందని మా వాడుక లెక్క. 3 మీటర్ల ఎత్తుంటే 6 మీటర్లు. ఆ తర్వాత కూర్చున్నవాళ్లకి పగలూ రాత్రీ ఒకటే. అద్దం పక్కన కూర్చున్నవాళ్లు సుఖంగా ఉన్నారా అంటే అదీ లేదు. హైదరాబాద్ ఎండకి స్క్రీన్ మీద మెరుపు, వీపు మీద వేడి. పదకొండింటికే బ్లైండ్స్ దించేస్తారు. అంటే అద్దాల బిల్డింగ్‌లో రోజంతా ట్యూబ్‌లైట్ల కింద పని.

మాధవి గారూ, మీ ఫ్లోర్‌లో ఫాల్స్ సీలింగ్ ఉందా? పైపులు కనపడేలా వదిలేశారా?

మణికొండ మాధవి

వదిలేశారు. నల్ల రంగు వేసి ఏసీ డక్టులు, కేబుల్ ట్రేలు అన్నీ కనపడేలా ఉంచారు. కింద పాలిష్ చేసిన కాంక్రీటు.

నీడపట్టు

సగం జవాబు అక్కడే ఉంది. కింద కాంక్రీటు, పైన కాంక్రీటు, పక్కన అద్దం. మాట ఎక్కడా ఇంకదు, తిరిగి తిరిగి వస్తుంది. ఫోటోలో బాగుంటుందని, ఖర్చు కూడా తగ్గుతుందని సీలింగ్ ఎగరగొడుతున్నారు. కొత్త అంతస్తులో కనీసం డెస్కుల పైన శబ్దాన్ని పీల్చే ప్యానెళ్లు వేలాడదీయమనండి, కింద కార్పెట్ టైల్స్ వేయమనండి. గోడ కట్టకుండానే చాలా తేడా వస్తుంది.

ఓరుగల్లు లత

ఏసీ గురించి ఎవరూ అనలేదేంటి! బయట మే నెల ఎండ 42 డిగ్రీలు, లోపల నేను స్వెట్టర్ వేసుకుని కూర్చుంటాను. వేళ్లు చల్లబడి టైపింగ్ కూడా సాగదు. ఆఫీసు నిర్వహణ చూసే ఫెసిలిటీస్ వాళ్లకి ఫోన్ చేస్తే 22 ఉంది మేడమ్, సెట్టింగ్ కరెక్టే అంటారు. మా వరుసలో ఉన్న ఐదుగురు ఆడవాళ్లం శాలువాలు కప్పుకుని ఉంటాం. రెండు వరుసల అవతల అబ్బాయిలు చొక్కా చేతులు మడుచుకుని ఉంటారు.

శ్రీకాకుళం శీను

ఆ రెండు వరుసల అవతలి మనిషిని నేనే అనుకోండి. నాకు 24లో చెమట పడుతుంది. లావుగా ఉంటాను, మూడో అంతస్తు నుంచి మెట్లెక్కి వస్తాను. లత గారి కోసం పెంచితే నాకు పని నడవదు. మరి ఎలా?

డల్లాస్ దుర్గ

ఇక్కడా ఇదే గొడవ. 2015లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో ఇద్దరు డచ్ పరిశోధకులు రాశారు. ఆఫీసు ఉష్ణోగ్రతల లెక్కలు 1960ల నాటివి, అందులో కొలమానం 40 ఏళ్ల, 70 కిలోల మగ మనిషి. ఆడవాళ్ల శరీరం పుట్టించే వేడిని ఆ లెక్క ఎక్కువ చేసి చూపిస్తుందని తేల్చారు. 2019లో బెర్లిన్‌లో విద్యార్థులతో ఇంకో ప్రయోగం చేశారు. గది వెచ్చబడేకొద్దీ అమ్మాయిలు లెక్కలు, మాటల పరీక్షల్లో ఎక్కువ రాబట్టారు, అబ్బాయిలకి కొంచెం తగ్గింది. కాబట్టి లత గారు, శీను గారు చెప్పేవి రెండూ నిజాలే.

నీడపట్టు

శీను గారి ప్రశ్నకి జవాబు ఉష్ణోగ్రతలో లేదు, గాలి ఎక్కడ పడుతుందన్న దాంట్లో ఉంది. ముందు ఖాళీ హాలుకి ఏసీ డిజైన్ చేస్తారు. తర్వాత మీటింగ్ రూములు కడతారు, డెస్కులు జరుపుతారు. థర్మోస్టాట్ ఒక గదిలో ఉండిపోతుంది, దాని మాట వినే వెంట్లు, అంటే చల్లగాలి బయటికొచ్చే జాలీలు, ఇంకో గదిలో ఉంటాయి. 22 అని చూపించే సెన్సర్ లత గారి దగ్గర ఉండదు, గాలి తిరిగి వెళ్లే డక్టులో ఉంటుంది. తలమీద నేరుగా గాలి పడే సీటుకీ నాలుగడుగుల అవతలి సీటుకీ చాలా తేడా ఉంటుంది. డెస్కుల ప్లాన్ ఖరారయ్యాకే వెంట్లు బిగించమనండి. గాలి సీలింగ్ వెంబడి పారేలా రెక్కలు తిప్పడం మెకానిక్‌కి పది నిమిషాల పని. మనుషులు ఎంచుకోవడానికి ఒక వెచ్చని వైపు, ఒక చల్లని వైపు ఉంటే మిగతా తగువు దానంతటదే తగ్గుతుంది. మన దేశంలో కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ 24 డిగ్రీలు సిఫారసు చేసింది. 2020 నుంచి స్టార్ రేటింగ్ ఉన్న రూమ్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని నిబంధన ఉంది.

అనుమానం ఎక్కువ

ఇవన్నీ బాగానే ఉన్నాయి కానీ ఆఫీసు మారిస్తే పని పెరుగుతుందనడానికి ఆధారం ఎంత గట్టిది? 1924లో అమెరికాలో హాథోర్న్ ఫ్యాక్టరీలో లైట్ల ప్రయోగాలు మొదలుపెట్టారు. వెలుతురు పెంచినా పని పెరిగింది, తగ్గించినా పెరిగిందని చెప్తారు. మమ్మల్ని పట్టించుకుంటున్నారు అన్న భావనతోనే పెరిగిందని అప్పటి వివరణ. తర్వాతి వాళ్లు ఆ లెక్కల్నే మళ్లీ తిరగేసి, ఆ ఫలితమే అంత స్పష్టంగా లేదన్నారు. అడ్మిన్ వాళ్లకి రాసిచ్చేటప్పుడు ఇంత శాతం పెరుగుతుందని మాత్రం మాట ఇవ్వకండి.

కూకట్‌పల్లి కిరణ్

గాలి విషయంలో ఆధారం ఉంది. హార్వర్డ్ ప్రజారోగ్య విభాగం వాళ్లు 24 మంది ఉద్యోగుల్ని ఆరు రోజులు ఒక ల్యాబ్ ఆఫీసులో కూర్చోబెట్టి, వాళ్లకి చెప్పకుండా గాలి మార్చారు. రసాయనాల ఆవిర్లు తక్కువున్న రోజుల్లో ఆలోచనా పరీక్షల స్కోరు మామూలు ఆఫీసు గాలి ఉన్న రోజుకన్నా సగటున 61 శాతం ఎక్కువ. దానికి తోడు బయటి గాలి కూడా పెంచిన రోజుల్లో 101 శాతం ఎక్కువ.

ఇది చదివాక నేనూ ఒక కార్బన్ డయాక్సైడ్ మీటర్ కొన్నాను. బయట 420 పీపీఎమ్ చూపిస్తుంది, అంటే గాలిలో పది లక్షల వంతుల్లో 420. మా చిన్న మీటింగ్ రూములో ఎనిమిది మందిమి తలుపేసుకుని గంట కూర్చున్నాక 1,900. ప్లానింగ్ మీటింగ్ రెండో గంటలో అందరికీ మగతగా ఎందుకుంటుందో అప్పుడు అర్థమైంది. ఫోటో తీసి ఫెసిలిటీస్‌కి పంపాను. చూస్తే ఆ గదికి బయటి గాలి వచ్చే దారిలోని మూత, డ్యాంపర్ అంటారు, మూసేసి ఉంది. తెరిచారు. ఇప్పుడు 900 దాటట్లేదు. పైసా ఖర్చు లేదు.

అనుమానం ఎక్కువ

24 మంది చాలా చిన్న సంఖ్య కిరణ్ గారూ, పరీక్ష స్కోరు వేరు, రోజువారీ పని వేరు. కానీ మీ డ్యాంపర్ కథ నాకు నచ్చింది. కొలిచారు, కారణం దొరికింది, సరిచేశారు. నేను అడిగేది అలాంటిదే.

తెనాలి క్యాషియర్

ఐటీ వాళ్లే రాస్తున్నారు కాబట్టి బ్యాంకు వైపు నుంచి ఒక మాట. బ్రాంచి కొత్తగా అలంకరించినప్పుడు నా కౌంటర్‌ని వీధి గుమ్మానికి ఎదురుగా పెట్టారు. సాయంత్రం ఎండ నేరుగా కళ్లలోకి. నోటు పైకెత్తి వాటర్‌మార్క్ చూడాలంటే చేయి అడ్డం పెట్టుకోవాలి. కౌంటర్ ఎత్తు నిలబడే కస్టమర్‌కి సరిపోయేలా చేశారు, నా వైపు కాళ్లు పెట్టుకోవడానికి చోటే లేదు. పక్కకి తిరిగి కూర్చుని డబ్బు లెక్కపెట్టి పెట్టి నడుం నొప్పి పట్టుకుంది. పని మొదలవకముందు ఒక్క అరగంట నా పక్కన కూర్చుని చూసి ఉంటే చాలు, ఈ రెండూ తెలిసేవి.

వైజాగ్ సాగర్

నేను వీల్‌చైర్ మీద పనిచేస్తాను. గుమ్మం దగ్గర ర్యాంప్ కట్టి పని అయిపోయింది అనుకుంటారు. లోపలికొచ్చాక కార్డు చూపించే మెషిన్ నా తలకన్నా ఎత్తులో. టాయిలెట్ తలుపుకి స్ప్రింగ్ ఎంత బిగుతంటే ఒక చేత్తో చక్రం, ఇంకో చేత్తో తలుపు పట్టుకోలేను. ప్యాంట్రీలో కాఫీ మెషిన్ అందదు. ఐదేళ్లుగా నా కాఫీ ఎవరో ఒకరు తెచ్చిస్తున్నారు. వాళ్లు ప్రేమగానే తెస్తారు, కానీ నాకు కావలసినప్పుడు నేనే వెళ్లి తాగాలని ఉంటుంది. కాఫీ దగ్గర జరిగే మాటలు కూడా నాకు పోతున్నాయి. మాధవి గారూ, ప్యాంట్రీ బల్ల ఒకవైపైనా తక్కువ ఎత్తులో ఉండాలని రాయండి. ఇప్పుడు మీ అంతస్తులో వీల్‌చైర్ వాళ్లు లేకపోయినా రాయండి.

మణికొండ మాధవి

తప్పకుండా రాస్తాను సాగర్ గారూ. నాకు అసలు తట్టని విషయం ఇది.

చంటిపాప అమ్మ

ఇంకొకటి కలపండి అక్కా. ఆరు నెలల సెలవు అయ్యాక తిరిగి చేరాను. పాలు తీయడానికి చోటు లేదు. టాయిలెట్‌లో నిలబడి తీసేదాన్ని, బయట తలుపు కొడుతుంటే. చివరికి సర్వర్ రూము పక్కన స్టోర్ గది తాళం ఇచ్చారు. 2017లో ప్రసూతి చట్టం సవరించినప్పటి నుంచి 50 మంది, ఆపైన ఉన్న చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి బిడ్డని చూడొచ్చు. క్రెష్ బయట ఎక్కడో కట్టుకున్నా, మీ అంతస్తులో లోపల గడియ పడే చిన్న గది, కుర్చీ, ప్లగ్గు, చిన్న ఫ్రిజ్ ఉంటే చాలు.

రాత్రి షిఫ్ట్ రవి

రాత్రి పనిచేసేవాళ్లని మర్చిపోకండి. మా బిల్డింగ్‌లో పది దాటాక ఏసీ సగానికి తగ్గిస్తారు, క్యాంటీన్ మూసేస్తారు, లైట్లు మాత్రం తెల్లగా మండుతూనే ఉంటాయి. రెండింటి నుంచి నాలుగింటి మధ్య తప్పులు ఎక్కువ చేస్తానని నాకే తెలుసు. ఇరవై నిమిషాలు నడుం వాల్చే గది ఉంటే ఆ రెండు గంటలు నిలబడగలను.

గచ్చిబౌలి గోపి

చదువుతున్నాను అందరివీ. శబ్దం, గాలి విషయంలో ఒప్పుకుంటున్నాను. నా 22 మందీ ఒకే మూల రోజూ కూర్చుంటే నాకు చాలు. రోజుకో సీటు పద్ధతి వల్ల నాకూ నష్టమే, మా కొత్త అమ్మాయి నన్ను వెతుక్కుంటూ రెండు వింగులు తిరిగింది.

మియాపూర్ మూర్తి

ఇంత చర్చ ఎందుకండీ, ఇంటి నుంచి పనిచేస్తే సరిపోతుంది కదా. నా గది, నా ఫ్యాను, నా కిటికీ.

ఓరుగల్లు లత

మూర్తి గారూ, మీకు గది ఉంది. మాది రెండు గదుల ఇల్లు, అత్తమ్మ, మామయ్య, ఇద్దరు పిల్లలు. నేను వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని రెండేళ్లు చేశాను. నాకు ఆఫీసే నెమ్మది. అందుకే అది బాగుండాలని అడుగుతున్నాను.

మియాపూర్ మూర్తి

నిజమేనమ్మా, అలా ఆలోచించలేదు.

నీడపట్టు

మన దగ్గరే చూసి నేర్చుకోదగ్గవి ఉన్నాయి. కొండాపూర్ దగ్గర పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ల సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ని 2004లో అప్పటి రాష్ట్రపతి కలాం గారు ప్రారంభించారు. పర్యావరణహిత భవనాలకిచ్చే లీడ్ రేటింగుల్లో అన్నిటికన్నా పైదైన ప్లాటినంని అమెరికా బయట అందుకున్న మొదటి భవనం అది. కానీ నాకు దాంట్లో నచ్చేది రేటింగ్ కాదు. మన మండువా ఇంట్లోలా మధ్యలో ఆరుబయలు చోటు, చుట్టూ పనిచేసే గదులు, జాలీ గోడలు. సన్నగా ఉన్న గదులు కాబట్టి పగటి వెలుతురు మనిషి దాకా వస్తుంది. గోదావరి జిల్లాల్లో మా తాతగారి మండువాలో మిట్టమధ్యాహ్నం దీపం లేకుండా చిట్టా పద్దులు రాసుకునేవాళ్లు.

పోచారంలో ఇన్ఫోసిస్ వాళ్లు ఇంకో మంచి పని చేశారు. ఒకే బిల్డింగ్‌లో సగానికి మామూలు ఏసీ పెట్టారు, మిగతా సగానికి శ్లాబులో చల్లటి నీళ్ల పైపులు వేశారు. రెండూ పక్కపక్కన నడిపి కొలిచారు. పైపుల వైపు చల్లదనానికి కరెంటు మూడో వంతు దాకా తగ్గింది.

హాలండ్‌లో అపెల్‌డోర్న్ ఊళ్లో సెంట్రాల్ బెహీర్ అనే బీమా ఆఫీసు 1972 నాటిది. ఆర్కిటెక్ట్ హెర్ట్జ్‌బెర్గర్ దాన్ని చిన్న చిన్న చతురస్రపు అరలుగా కట్టి, లోపలి అలంకరణ ఉద్యోగులకే వదిలేశాడు. వాళ్లు మొక్కలు, బొమ్మలు, ఇంటి నుంచి కుర్చీలు తెచ్చుకుని ఎవరి మూల వాళ్లు చేసుకున్నారు. కాలేజీలో ఆ ఫోటోలు చూశాకే నేను ఈ వైపు వచ్చాను.

మాధవి గారూ, ఒక పని చేయండి. ఇప్పటి అంతస్తు ప్లాన్ పెద్ద కాగితం మీద ప్రింట్ తీసి ప్యాంట్రీలో అంటించండి. చలికి నీలం స్టిక్కర్, శబ్దానికి ఎరుపు, స్క్రీన్ మీద మెరుపుకి పసుపు. ఎవరికి ఎక్కడ ఇబ్బందో వాళ్లే పెడతారు. మా దగ్గరికి వచ్చే క్లయింట్లలో అలాంటి కాగితం తెచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

బేగంపేట బాలు

హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని. మా వాళ్ల సంగతి కూడా ఆ కాగితంలో పెట్టండి. ఒక్కో అంతస్తుకి నలుగురు అక్కలు. అన్నం మెట్ల మీదో, సరుకుల లిఫ్టు పక్కనో కూర్చుని తింటారు. సెక్యూరిటీ అన్న పన్నెండు గంటలు నిలబడే ఉంటాడు, కుర్చీ వేస్తే లాబీ బాగోదంటారు. దుకాణాల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. ప్లాన్ గీసేటప్పుడు మా వాళ్లకి ఒక బల్ల, నాలుగు కుర్చీలు, బట్టలు మార్చుకోవడానికి ఒక లాకర్ గది ఎవరూ గీయరు. తర్వాత అడిగితే చోటు లేదంటారు.

సుబ్బు టెస్టర్

బాలు అన్న చెప్పింది చదివాక నా హెడ్‌ఫోన్ల బాధ చిన్నదనిపించింది. మాధవి గారూ, దీన్ని కాగితం చివర్లో పెట్టకండి, పైన పెట్టండి.

డల్లాస్ దుర్గ

అడ్మిన్ వాళ్లు ఖర్చు అంటారు, ముందే సిద్ధంగా ఉండండి. జేఎల్ఎల్ అనే స్థిరాస్తి సంస్థ అమెరికాలో ఒక మోటు లెక్క వాడుతుంది. చదరపు అడుగుకి ఏడాదికి కరెంటు, నీళ్లకి 3 డాలర్లు, అద్దెకి 30, జీతాలకి 300. అంకెలు మన దగ్గర వేరు, కానీ వరుస మారదు. కరెంటులో పదో వంతు ఆదా చేయడానికి జీతం తీసుకునే మనిషిని ఇబ్బంది పెడితే కంపెనీకే నష్టం.

మణికొండ మాధవి

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

నీడపట్టు గారు చెప్పినట్టు మ్యాప్ అంటించాను. రెండు రోజుల్లో 112 మంది స్టిక్కర్లు పెట్టారు. నీలం స్టిక్కర్లు హాలంతా ఉంటాయనుకున్నాను. చూస్తే దాదాపు అన్నీ నాలుగు వెంట్ల కిందే. ఎరుపు గుంపు ప్యాంట్రీ తలుపు ఎదురుగా, లిఫ్టు లాబీ పక్కన. ఆ మ్యాప్‌తోనే అడ్మిన్ మీటింగ్‌కి వెళ్లాను, శాతాలేవీ చెప్పలేదు. ఫెసిలిటీస్ ఆయన మ్యాప్ చూసి ఆ సాయంత్రమే మెకానిక్‌ని పిలిచి నాలుగు వెంట్లూ తిప్పించారు.

కొత్త అంతస్తుకి ఒప్పుకున్నవి: టీమ్‌కి ఒక చోటు, రోజూ అదే. డెస్కుల పైన శబ్దం ప్యానెళ్లు. కాల్స్ కోసం ఆరు ఫోన్ బూత్‌లు. తల్లుల గది. ప్యాంట్రీలో తక్కువ ఎత్తు బల్ల. హౌస్‌కీపింగ్ వాళ్లకి కిటికీ ఉన్న గదిలో బల్ల, లాకర్లు. దీనికి కొంచెం గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది, ఆ చోట వాళ్లు ప్రింటర్లు అనుకున్నారు.

ఒప్పుకోనివి: తెరుచుకునే కిటికీలు, బిల్డింగ్ ఓనర్ కుదరదన్నారు. కార్పెట్‌కి బడ్జెట్ లేదు, వచ్చే ఏడాది చూద్దామన్నారు. సెక్యూరిటీ అన్నకి కుర్చీ టవర్ మేనేజ్‌మెంట్ చేతిలో ఉందట. అక్కడికి వేరే లెటర్ రాస్తున్నాం, మా అంతస్తు నుంచి 140 సంతకాలు అయ్యాయి.

బేగంపేట బాలు

మా వాళ్లకి చదివి వినిపించాను తల్లీ. ఆ లెటర్ కాపీ నాకు పంపండి, మిగతా అంతస్తుల వాళ్లతో కూడా సంతకం పెట్టిస్తాను.

కూకట్‌పల్లి కిరణ్

ఫోన్ బూత్‌లకి లోపల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందో లేదో ఆర్డర్ ఇవ్వకముందే చూడండి. మా దగ్గర ఫ్యాన్ లేనివి తెచ్చారు, పావుగంటకే లోపల ఊపిరాడదు. మీటర్ కావాలంటే వారం రోజులు ఇస్తాను, మెట్రోలో తెచ్చి ఇవ్వగలను.

మణికొండ మాధవి

శనివారం రాయదుర్గం స్టేషన్ దగ్గర కలుద్దాం కిరణ్ గారూ. బూత్ శాంపిల్ సోమవారం వస్తోంది, అందులో కూర్చుని కొలిచాకే సరే అంటాను.